కథలో మాంత్రికుడు, ఊళ్ళో చిల్లంగి నింద

ఒడిశాలోని గజపతి జిల్లా నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరమిది. పేరు వెల్లడించవద్దని కోరారు. ఉత్తరం పెద్దది కావడం వల్ల సారాంశం మాత్రమే ఇస్తున్నాం.

ఆమె పుట్టిల్లు ఆంధ్రలోని పాతపట్నం, మెట్టినిల్లు పర్లాకిమిడి. ఆరోగ్యశాఖలో ఉద్యోగం, టీకాల రోజుల్లో కొండ పల్లెలకు వెళ్ళి వస్తారు. భర్తకు బట్టల దుకాణం ఉంది. ఇంట్లో అత్తగారు, పన్నెండేళ్ళ కూతురు, ఏడేళ్ళ కొడుకు. పిల్లలిద్దరూ ఒడియా మాధ్యమంలో చదువుతున్నారు. కొన్నేళ్ళ క్రితం ఆమె వెళ్ళే ఒక పల్లెలో జ్వరంతో పసిబిడ్డ చనిపోతే, పక్కింటి వితంతువు చిల్లంగి (చేతబడి) పెట్టిందని నలుగురూ కలిసి ఆమెను కొట్టి ఊరి నుంచి తరిమేశారు. ఆ గాయాలకు కట్లు కట్టింది ఈ ఉత్తరం రాసిన తల్లే. ఆ తర్వాత మాంత్రికులు, మంత్రదండాలు, నాగకన్యలు, ఆత్మలు ఉన్న ఏ సినిమా గాని, సీరియల్ గాని ఇంట్లో పెట్టకూడదని ఆమె నియమం చేశారు. ఎందుకో పిల్లలకు చెప్పలేదు. "అవన్నీ అబద్ధాలు, చూడొద్దు" అని మాత్రమే అన్నారు.

నియమం నిలవలేదు. భర్త దుకాణంలో కూర్చోబెట్టి ఫోనులో తెలుగులోకి మార్చిన హ్యారీ పాటర్ సినిమాలు పిల్లలకు చూపించారు, "అమ్మకు చెప్పకండి" అంటూ. అత్తగారు రాత్రిపూట మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, పగబట్టిన ఆత్మ కోడలి ఒంట్లో చేరే సీరియల్ చూస్తున్నారు. కొన్నాళ్ళుగా ఆ బాబు చీకటి పడితే పెరటి బాత్‌రూమ్‌కు ఒంటరిగా వెళ్ళడం లేదు. నాయనమ్మ వాడి చేతికి తాయెత్తు కట్టించారు. కూతురు చదువుకోవడానికని చెప్పి స్నేహితురాలి ఇంటికి వెళ్ళి సినిమా చూసి వచ్చింది. నిలదీస్తే, "నువ్వు ఒక్కటైనా చూశావా? చూడకుండానే చెడ్డవని ఎలా చెప్తావు?" అంది. ఆమె చేయి చేసుకున్నారు. మర్నాడు కేబుల్ తీయించేశారు. అప్పటినుంచి అత్తగారు ఆమెతో మాట్లాడడం లేదు. "ఒడియా బడికి పోయే పిల్లలకు తెలుగు ఆ టీవీలోనే మిగిలింది, అదీ పీకించేసింది" అని వచ్చినవాళ్ళందరితో అంటున్నారు. "నా అభిప్రాయం తప్పా? కేబుల్ మళ్ళీ పెట్టించాలా? పెట్టిస్తే నేను ఓడిపోయినట్టు కాదా?" అని ఆమె ప్రశ్న.

సమాధానం:

మీ అభిప్రాయం వెనుక మీరు కళ్ళారా చూసిన ఒక మనిషి దెబ్బలున్నాయి. టీవీ పిల్లలను పాడుచేస్తుందని అలవాటుగా అనేసే పెద్దల మాటకూ మీ మాటకూ ఉన్న తేడా అదే కాబట్టి, దాన్ని చాదస్తమని కొట్టిపారేయడానికి మీ భర్తకు గాని, అత్తగారికి గాని, నాకు గాని హక్కు లేదు. మంత్రగత్తె అన్న నింద వేసి మనుషులను హింసించడాన్ని ఆపడానికి ఒడిశా ప్రభుత్వం 2013లో ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చింది. చేతబడి పేరుతో జరిగే అమానుషాల మీద మహారాష్ట్ర కూడా అదే ఏడాది చట్టం చేసింది. మీరు భయపడుతున్నది లేని ప్రమాదానికి కాదు.

అయితే ఆ భయం ఏ వైపు చూడాలన్న దగ్గరే మీతో నాకు పేచీ. రకరకాల సరుకులను మీరు ఒకే గోనెలో వేసి మూతి కట్టేశారు. మాంత్రికుడున్న పాత జానపద సినిమా, మంత్రవిద్య నేర్పే బడి ఉన్న విదేశీ సినిమా, కోడలికి ఆత్మ పట్టే సీరియల్, కూతురు ఆడిన అబద్ధం, కొడుకు భయం, ఇవన్నీ కలిసి ఇప్పుడు ఒకే ఒక్క కేబుల్ తీగగా మీకు కనిపిస్తున్నాయి. విడదీసి చూడండి.

1951లో కె.వి.రెడ్డి తీసిన పాతాళభైరవిని తీసుకుందాం. అందులో నేపాళ మాంత్రికుడికి నిజంగానే శక్తులున్నాయి. సకల గుణ సంపన్నుడైన యువకుణ్ణి బలి ఇచ్చి ఇంకా పెద్ద శక్తి సంపాదించాలని అతని ఎత్తు. చివరకు ఏమవుతుంది? ఒక తోటమాలి కొడుకు ధైర్యంతో, యుక్తితో అతణ్ణి మించిపోతాడు. కథ ఉజ్జయినిలో, రాజుల కాలంలో జరుగుతుంది. మొదటి నిమిషం నుంచే ఇది కథ అని సినిమా మనకు చెబుతూనే ఉంటుంది. మీ పక్కింటివాళ్ళను అనుమానించమని అది ఎక్కడా చెప్పదు. అందులో చెడు చేసేవాడు బలవంతుడు, దిక్కులేని మనిషి కాదు.

ఇప్పుడు మీరు చూసిన పల్లెను తలచుకోండి. అక్కడ బిడ్డ ఎందుకు పోయిందో ఎవరికీ తెలియదు. కారణం తెలియని దుఃఖానికి ఒక కారణం కావాలి, ఆ కారణం చేతికి అందే దూరంలో ఉండాలి, ఎదురుతిరగలేనిదై ఉండాలి. అందుకే ఒంటరి ఆడమనిషి దొరికింది. కొన్నిచోట్ల ఆ నింద వెనుక పొలం గట్టు తగాదా కూడా ఉంటుంది. ఇది నాకంటే మీకే బాగా తెలుసు. ఆ కొట్టినవాళ్ళకు ఈ ఆలోచన ఏదో సినిమా చూసి వచ్చిందని మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. చిల్లంగి నమ్మకం ఆ కొండలకు టీవీ రాకముందు నుంచీ ఉన్నదే, మైదానంలో చదువుకున్న ఇళ్ళలోనూ వేరే పేర్లతో ఉన్నదే. అద్భుతాలను ఊహించడం దానికి వేరు కాదు. కళ్ళముందున్న జబ్బుకు కళ్ళముందున్న మనిషిని నేరస్థురాలిని చేయడమే దానికి వేరు.

ఈ లెక్కతో చూస్తే మీ అత్తగారు చూసే సీరియల్ సంగతి పూర్తిగా మారిపోతుంది. అక్కడ రాజ్యాలు లేవు, గుహలు లేవు. మన ఇళ్ళలాంటి ఇల్లు, మనం వాడే పసుపు, నిమ్మకాయలు, వంటింట్లో గుసగుసలు. ఇలాంటి సీరియళ్ళలో పిల్లకు జ్వరం వస్తుంది. డాక్టరు వచ్చి ఏమీ అర్థం కాలేదని తల అడ్డంగా ఆడిస్తాడు. ఆఖరికి ఎవరో స్వామి వచ్చి, ఆ ఇంటి ఆడవాళ్ళలోనే ఒకరు చేయించారని తేలుస్తాడు. ఆ పల్లెలో వితంతువును కొట్టినవాళ్ళ వాదన సరిగ్గా ఇదే కదా! కాకపోతే ఇక్కడ దానికి నేపథ్య సంగీతం తోడైంది. మీరు హ్యారీ పాటర్ మీద చూపిన కోపమంతా నిజానికి దీని మీద చూపవలసింది. 1994 నాటి కేబుల్ టెలివిజన్ నిబంధనల్లోని కార్యక్రమ నియమావళి కూడా మూఢనమ్మకాలను ప్రోత్సహించే కార్యక్రమాలు ప్రసారం చేయరాదనే చెబుతోంది. కాని సినిమాకు ఉన్నట్టు సీరియల్‌కు ముందస్తు సెన్సారు లేదు కాబట్టి, ఆ నియమాన్ని అమలు చేసే పని చాలావరకు మీ చేతిలోని రిమోటుకే మిగిలింది.

కాబట్టి మాయలు ఉన్నాయా లేవా అన్న మీ కొలత నాకు పనికొచ్చేదిగా కనిపించడం లేదు. దానికి బదులు మీ ఉద్యోగంలో నుంచే ఒక కొలత తీసుకోండి. ఈ కథలో జబ్బు దేనివల్ల వచ్చిందని చూపించారు, ఆ నేరం ఎవరి నెత్తిన పెట్టారు, వైద్యం తెలిసినవాణ్ణి వెర్రివాడిగా నిలబెట్టారా? ఈ ప్రశ్నలు వేసుకుంటే మాయాబజార్ మీ ఇంట్లోకి హాయిగా వస్తుంది. అదే కొలతకు, మంత్రం ఊసే లేని కొన్ని కుటుంబ సీరియళ్ళు కూడా గుమ్మం బయటే ఆగిపోతాయి. అత్తాకోడళ్ళ మధ్య అనుమానాన్నే పాడిపంటగా బతికేవి మన చానళ్ళలో తక్కువేమీ లేవు.

మాయలన్నిటినీ నిషేధించాలంటే ఇంకొక చిక్కు కూడా ఉంది. మీరున్నది ఏ ప్రాంతం? గంజాం వైపు ప్రహ్లాద నాటకంలో నరసింహుడి ముఖాన్ని పూజించి తొడుగుతారు. తొడుక్కున్న మనిషి ఆవేశంలో ఊగిపోతుంటే పక్కనున్నవాళ్ళు పట్టుకుని ఆపుతారు. అది చూసి చిన్నపిల్లలు భయంతో తల్లి చీరకొంగులో దూరతారు, మళ్ళీ తలెత్తి చూస్తారు. నాటకమయ్యాక ముఖం తీసి, చెమట తుడుచుకుంటున్న ఆ మనిషినే తేరిపార చూస్తారు. భయానికి మొదలు, చివర ఉన్నాయని పిల్లవాడికి అక్కడ తెలుస్తుంది. రోజూ సగంలో ఆగి రేపటికి వాయిదా పడే సీరియల్‌లో తెలియనిది అదే. ఇక చందమామ బేతాళ కథల్లో శవం లేని సంచిక ఏది? వాటిని కూడా తీసేస్తే పిల్లలకు మిగిలేది చాలా కొద్ది.

మీ అత్తగారు తెలుగు గురించి అన్న మాటను అలిగినవాళ్ళ మాటగా తీసిపారేయకండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్ళినప్పటి నుంచీ అక్కడి తెలుగు ఇళ్ళలో బడి భాష ఒకటి, ఇంటి భాష మరొకటి. పిల్లలు ఒడియాలో ఎక్కాలు చెప్పడం మంచిదే, చెప్పాలి కూడా. కాని వాళ్ళ చెవిన పడే తెలుగు, నిండుగా, నాలుగైదు వాక్యాలు వరసగా పడే తెలుగు, మీ ఇంట్లో ఎక్కువభాగం టీవీ నుంచే వచ్చేది. మహేంద్రతనయ నదికి ఇవతల పాతపట్నంలో పెరిగిన మీకు ఈ కరువు తెలియదు. అయితే అత్తగారి వాదనలో ఒక లోపం ఉంది: తెలుగు కావాలంటే ఆ సీరియలే చూడాలనేముంది? పింగళి నాగేంద్రరావు సంభాషణలున్న పాత సినిమాలు ఆ సీరియల్ కంటే వందరెట్లు మంచి తెలుగు నేర్పుతాయి. అంతకన్నా మంచి తెలుగు ఆమె నోట్లోనే ఉంది. భట్టి విక్రమార్క కథలు, కాశీ మజిలీ కథలు ఆమె తరంలో చాలామందికి వచ్చు. రాత్రి ఆ అరగంట కథలు చెప్పమని అడగండి, బతిమాలినా తప్పులేదు. ఆవిడ అలిగింది టీవీ పోయినందుకే కాకపోవచ్చు. మనవడు ఒళ్ళో కూర్చునే సమయం పోయినందుకు కూడా కావచ్చు.

ఇక మీ ముందున్న దారులు. కేబుల్ ఇలాగే తీసేసి ఉంచవచ్చు. కొన్ని వారాలపాటు ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది, బాబుకు ఆ సీరియల్ కనబడకుండా పోవడం మేలే. కాని ఫోన్లున్న కాలంలో మీ కూతురికి కేబుల్‌తో పని లేదు. స్నేహితురాళ్ళ ఇళ్ళున్నాయి, తండ్రి దుకాణం ఉంది. మీ నియమం బిగుసుకున్నకొద్దీ ఆమె మరింత నేర్పుగా దాచడం నేర్చుకుంటుంది. ఇంట్లో అబద్ధం అలవాటు కావడం సినిమాలో మంత్రదండం కంటే ప్రమాదమని నా అభిప్రాయం.

పోరు పడలేక కేబుల్ పెట్టించేసి, ఎవరికి నచ్చింది వాళ్ళు చూడండని వదిలేయవచ్చు. అలసిపోయిన తల్లులు చాలామంది చేసేది ఇదే. దీనిలో బాబు మళ్ళీ రాత్రి ఆ ఒళ్ళోకి, ఆ సీరియల్ ముందుకి వెళ్తాడు. నాలుగు రోజులు మూతి ముడుచుకుంటే అమ్మ అభిప్రాయం కరిగిపోతుందని కూతురికి తెలుస్తుంది. మీరు ఓటమి అంటున్నది ఇదే అయితే, అవును, ఇది ఓటమే.

కేబుల్ పెట్టించి, నియమాన్ని మార్చడం మూడోది. కథగా చెప్పే మాయలకు అనుమతి, నిజమని నమ్మించే చేతబడులకు పిల్లల ముందు చోటులేదు. దీనికి ఖర్చు మీ సమయం. డ్యూటీ నుంచి అలసి వచ్చి, మీకు నచ్చని సినిమా ముందు పిల్లలతో కూర్చోవాలి. అత్తగారు ఒప్పుకోకపోవచ్చు, ఆమె సీరియల్ ఆమె చూడకూడదని శాసించే అధికారం మీకు లేదు, పిల్లలు పడుకున్నాక పెట్టుకొమ్మని అడిగే హక్కు మాత్రం ఉంది. మొదట్లో రోజూ ఏదో ఒక బేరం నడుస్తుంది. నేను మొగ్గేది ఈ మూడో దారి వైపే, కాని మీ ఇంట్లో దాన్ని మోయవలసింది మీరు కాబట్టి మీ ఓపికను మీరే చూసుకోవాలి.

ఆ దారి పడితే వయసుల విషయంలో మీ భర్తతో గట్టిగా మాట్లాడండి. హ్యారీ పాటర్ సినిమాలు 2001 నుంచి 2011 వరకు వచ్చిన ఎనిమిది. కథానాయకుడు పదకొండేళ్ళవాడిగా మొదలై యువకుడవుతాడు, కథ కూడా అతనితోపాటే ముదురుతుంది, చావులు పెరుగుతాయి. మొదటిది చూసి నవ్విన ఏడేళ్ళవాడు చివరివి చూసి నిద్రపోలేకపోవచ్చు. పిల్లల సినిమా అని ఒక్క పేరుతో అన్నీ చూపించడం తండ్రి చేసిన పొరపాటు. 2023 సవరణ తర్వాత మన సెన్సారు ధ్రువపత్రాల్లో యు/ఎ అన్నది 7, 13, 16 ఏళ్ళ పైవారికని మూడుగా విడిపోయింది. 2021 నిబంధనల ప్రకారం ఓటీటీల్లో 13 ఏళ్ళ పైవారికి ఉద్దేశించిన వాటికి తాళం వేసుకునే వీలు కూడా ఉండాలి. ఫోనులో ఆ తాళం మీ భర్త చేతనే వేయించండి. "అమ్మకు చెప్పకండి" అన్న మాట పిల్లలతో ఇక అననని ఆయన మీకు మాట ఇవ్వాలి, ఎందుకంటే మీ కూతురు అబద్ధానికి తొలిపాఠం ఆ దుకాణంలోనే నేర్చుకుంది. మీరిద్దరూ ఒక మాట మీదకు వచ్చాక, అత్తగారితో మాట్లాడవలసింది ఆయనే. కోడలి నోట నియమంగా వినిపించేది కొడుకు నోట కోరికగా వినిపిస్తుంది.

కూతురి విషయంలో రెండు సంగతులను కలపకండి. చదువుకోవడానికని అబద్ధం చెప్పడం తప్పు, దానికి ఏదో ఒక శిక్ష ఉండవచ్చు. ఆమె అడిగిన ప్రశ్న మాత్రం తప్పు కాదు. పన్నెండేళ్ళ పిల్ల చూడకుండా తీర్పు ఎలా చెప్పావని అడగడం, నిజానికి మీరు మూఢనమ్మకం మీద వేసే ప్రశ్నే తిరిగి మీ మీద వేయడం. దానికి దెబ్బ జవాబైంది. చేయి చేసుకున్నందుకు క్షమించమని అడగండి. నియమం పెట్టినందుకు అడగనక్కర్లేదు. ఆ తర్వాత ఇన్నాళ్ళూ చెప్పని సంగతి చెప్పండి. ఊరి పేరు వద్దు, గాయాల వర్ణన వద్దు. ఒక బిడ్డ పోయింది, ఎందుకో ఎవరూ అడగలేదు, ఒక ఆడమనిషిని నిందించారు, ఆమెకు నేను కట్లు కట్టాను అని చెబితే చాలు. ఆ పిల్ల దృష్టిలో మీరు ఇప్పటివరకు సినిమాలంటే గిట్టని అమ్మ మాత్రమే.

ఆమెతో కలిసి ఒక సినిమా చూడండి. ఏది చూడాలో ఆమెనే ఎంచుకోనివ్వండి. చూశాక కూడా మీకు నచ్చకపోవచ్చు, ఆ మాట నిర్భయంగా చెప్పండి. నాకు నచ్చలేదు అనడం వేరు, నువ్వు చూడకూడదు అనడం వేరు. మొదటిది ఎప్పుడూ మీ హక్కే, రెండోదానికి ప్రతిసారీ కారణం చెప్పవలసి ఉంటుంది. వీలైతే మాయాబజార్ ఒకసారి కలిసి చూసి, అందులోని వెన్నెలను ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ దీపాలతోనే ఎలా పుట్టించాడో, లడ్డూలు వాటంతట అవే ఎలా కదిలి ఉంటాయో ఆలోచించమనండి. మాయ వెనుక ఒక మనిషి పనితనం ఉందని తెలుసుకున్న పిల్లను రేపు ఏ స్వామీ సులభంగా మోసగించలేడు. మీకు కావలసింది కూడా అదే కదా.

బాబు గురించి చివరగా. ఏడేళ్ళ పిల్లలు ఇది కథే, నిజం కాదు అని నోటితో చక్కగా చెప్పగలరు. రాత్రి పెరట్లో మాత్రం ఆ తెలివి వాళ్ళకు తోడు రాదు. అందుకే "అవన్నీ అబద్ధాలు" అన్న మీ మాట వాడి భయాన్ని తగ్గించలేదు, భయపడుతున్నందుకు సిగ్గుపడేలా చేసి ఉంటుంది. పెరటి దారిలో ఒక బల్బు పెట్టించండి. మొదట బాత్‌రూమ్ తలుపు దాకా తోడు వెళ్ళండి, కొన్నాళ్ళకు వసారాలో నిలబడండి, ఆ తర్వాత వంటింట్లోంచి పలకండి. అన్నం తినకపోతే బూచోడొస్తాడని ఎవరూ అనకుండా చూడండి. ఇంట్లో మాటలు ఆగిపోయిన ఈ రోజుల్లో వాడి భయం సీరియల్ వల్లే కాక, మీ మౌనాల వల్ల కూడా పెరిగి ఉండవచ్చునని గుర్తుంచుకోండి. తాయెత్తు మీకు కంటగింపుగా ఉంటుందని తెలుసు. దాన్ని ఇప్పుడు తెంపడం వల్ల నాయనమ్మకూ మీకూ మధ్య వాడు నలగడం తప్ప ప్రయోజనం లేదు కాబట్టి, దాని జోలికి పోకుండా బల్బు పని చూడండి. ఇవన్నీ చేసినా ఒకటి రెండు నెలల్లో భయం తగ్గకపోయినా, నిద్ర, తిండి, బడి దెబ్బతింటున్నా పిల్లల వైద్యుడికి చూపించండి. బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అంతదూరం వెళ్ళేముందు మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయవచ్చు, అది ఉచితం.